నాలుగో జ్వరం

"నేను వెయ్యలేదు" అని చిన్నకోడలు ఒక్కసారే అంది. తర్వాత గోడవైపు తిరిగి, ఇటుకల మధ్య సున్నాన్ని గోటితో గీకుతూ నిలబడింది.

"మరెవరు వేశారు? ఆకు తనంతట తనే నడిచొచ్చి తట్టల్లో పడుకుందా?" అన్నాడు పెద్దకొడుకు.

లారీ తోలేవాడి గొంతు అది. ఇంజను చప్పుడు మీద అరిచి అరిచి అలవాటు పడ్డది, ఇంటికొచ్చాక తగ్గమంటే ఎక్కడ తగ్గుతుంది. పురుగుల షెడ్డు రేకుల కప్పుకు తగిలి ప్రతి మాటా రెండేసిసార్లు వినబడుతోంది. పనికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురూ గుమ్మం బయటే ఆగిపోయారు. అందరికంటే ముందు నిలబడ్డది రేడియో పిన్ని. ఆమెకు ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి కూడా ఆ పూట నోరు మెదపలేదంటే సంగతి ఎంతదాకా వచ్చిందో ఊహించుకోవచ్చు.

నిన్న మధ్యాహ్నానికి షెడ్డులో పురుగులన్నీ నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. జ్వరమంటే ఒళ్ళు కాలే జ్వరం కాదు. పెరిగే పట్టుపురుగుకు పాత చర్మం బిగుతైపోతుంది. దాన్ని విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. ఆ నిద్రనే పురుగులు పెంచేవాళ్ళు జ్వరం అంటారు. గూడు కట్టేలోగా నాలుగుసార్లు వస్తుంది. జ్వరంలో ఉన్న పురుగును తాకకూడదు, దాని మీద ఆకు వెయ్యకూడదు. అన్నీ లేచాకే మేత.

పొద్దున్నే తలుపు తీసిన పెద్దకోడలు కిటికీవైపు వరుస చూసి కేకపెట్టింది. ఆ వరుసలో సగం తట్టల నిండా పచ్చటి ఆకు పరిచి ఉంది. కింద నిద్రపోతున్న పురుగులు, పైన ఉక్కపట్టిన ఆకు. ముందే లేచిన నాలుగు పురుగులు హాయిగా తినడం మొదలుపెట్టాయి. ఇక ఆ వరుస కథ ముగిసినట్టే. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. ఒకటి గూడు కట్టుకునే రోజున ఇంకొకటి ఆకు కోసం తల ఊపుతుంది. ఆకు కింద ఊపిరాడక చచ్చేవి చావనే చస్తాయి.

నిన్న సాయంత్రం మబ్బు పట్టింది. తడిసిన ఆకు పురుగులకు పనికిరాదు. అందుకని పెద్దకోడలు పనివాళ్ళందర్నీ వెంటబెట్టుకుని మల్బరీ తోటకు పరుగెత్తింది. పెద్దకొడుకు లారీ మీద ఉన్నాడు, చిన్నకొడుకు ఊళ్ళో లేడు. ఇంటి దగ్గర మిగిలింది ఇద్దరే. ఒకరు అత్తగారు, ఒకరు చిన్నకోడలు.

అత్తగారిని అనుమానించే నాలుక ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. ఆ షెడ్డు పెట్టిందే ఆవిడ. మామగారు మంచాన పడి కన్నుమూశాక ఇద్దరు మగపిల్లల్నీ ఆ పురుగుల మీదే పెంచింది. ఆవిడ "వెయ్యి" అంటే ఆకు వెయ్యాలి, "ఆగు" అంటే ఆగాలి. పెద్దకోడలు కాపరానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్న వరస ఇదే.

ఇక చిన్నకోడలు. ఈ పిల్ల కొత్తగా వచ్చిన రోజుల్లో అత్తగారు ఓసారి "పురుగులకు జ్వరం వచ్చింది, కాస్త చూస్తూ ఉండమ్మా" అని చెప్పి పని మీద బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఈమె మందుల షాపు నుంచి జ్వరం మాత్రలు తెచ్చి, నూరి, నీళ్ళలో కలిపి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పురుగుకు ఎన్ని చుక్కలు పొయ్యాలో తెలియక ఆగిందట. ఆ ఆగడమే పంటను కాపాడింది. ఆ రోజు నుంచీ ఆమె పేరు మాత్రల కోడలు. రేడియో పిన్ని పుణ్యమా అని ఆ పేరు వీధి చివరిదాకా పాకింది. అలాంటి పేరు ఒకసారి వచ్చిందంటే, ఇంట్లో ఏది పగిలినా అందరి చూపూ అటే పోతుంది.

పెద్దకోడలి చూపూ అటే పోయింది. దాచడమెందుకు.

"అమ్మా, నేను నీకిచ్చిన మాట గుర్తుందా?" అన్నాడు పెద్దకొడుకు, ఈసారి తల్లి వైపు తిరిగి. "షెడ్డు నీ చేతుల్లో ఉన్నన్నాళ్ళు దాని జోలికి రానన్నాను. వచ్చానా? ఇది నీ చేతుల్లో ఉన్నట్టా? నీ చేతుల్లో ఉంటే ఇలా అవుతుందా?"

గుమ్మం పక్కన పీట మీద కూర్చున్న అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొడుకు ఆపేదాకా విన్నది. ఎప్పుడూ ఒకటికి నాలుగు అంటించే మనిషి అలా ఊరుకునేసరికి కొడుకుక్కూడా ఏం చెయ్యాలో తోచలేదు.

అతను చెప్పదలుచుకున్నది చెప్పేశాడు. షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. అతను ఎవరి సిమెంటు మోస్తాడో ఆ వ్యాపారి బస్తాలు పెట్టుకోవడానికి చోటు వెతుకుతున్నాడు. ఎన్నోసార్లు అడిగాడు, అమ్మ మొహం చూసి ఇతను దాటేస్తూ వచ్చాడు. ఇక దాటెయ్యడు. సాయంత్రం ఆయన్ని తీసుకొస్తాడు, చూసుకుంటాడు. ఈ మాటలన్నీ అనేసి, పెళ్ళాం వైపు ఒక చూపు చూసి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

లారీ చప్పుడు దూరమయ్యాక రేడియో పిన్ని నోరు తెరిచింది.

"సిమెంటు బస్తాలకి ఆకు తెంపి పెట్టే పని ఉండదు కదమ్మా" అంది. నవ్వించబోయి అన్న మాటే. ఎవరూ నవ్వలేదు.

ఆమె భయం ఆమెది. ఈ షెడ్డులో పనికి చేరకముందు ఆ నలుగురూ ఇటుక బట్టీకి పోయేవాళ్ళు. చీకటితో వెళ్ళి చీకటితో రావడం. పిన్ని చిన్నకూతురు ఆ రోజుల్లో తల్లిని సెలవు రోజున మాత్రమే వెలుతుర్లో చూసేదట. ఇప్పుడు పిన్ని మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి, పిల్లకు తిండి పెట్టి, జడ వేసి వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఈ రేకుల షెడ్డు ఒక్కటే.

కిటికీవైపు వరుస బాగుచెయ్యడానికి అందరూ కూర్చున్నారు. ఆకును ఒక్కొక్కటే ఎత్తి తియ్యాలి. కింద నిద్రపోతున్నదాన్ని కదిలించకూడదు. ముందే లేచినవాటిని శుభ్రమైన తట్టలోకి మార్చి, చచ్చినవాటిని వేరే తీసి, పురుగుల పక్క తడి ఆరడానికి పైన పల్చగా సున్నం చల్లాలి. మాటలు లేకుండా చేసే పని కాదు అది, మామూలు రోజుల్లో అయితే. వేళ్ళు ఆడుతుంటే నోళ్ళూ ఆడేవి. ఆ రోజు ఆకు తీస్తున్న చిన్న చప్పుడే వినబడింది.

పెద్దకోడలు కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఓర్చుకోలేకపోయింది. జ్వరంలో ఉన్నాయని తెలిసి కూడా ఎలా చేతులు వచ్చాయని, అనుమానం వస్తే అత్తయ్యని అడగడానికి నోరు పడిపోయిందా అని, ఇంతమంది పొట్ట మీద కొట్టావు కదా అని తోడికోడల్ని కడిగిపారేసింది. చిన్నది తలెత్తలేదు. ఆకులు తీస్తూనే ఉంది.

"మాట్లాడవేం?"

"తీస్తున్నాగా అక్కా" అంది చిన్నది.

అంతే. పెద్దకోడలికి ఒళ్ళు మండింది. అత్తయ్యే చెప్పాలి దీనికి అనుకుంటూ అటు తిరిగింది.

అత్తగారు వరుస చివర కూర్చుని తట్ట మీదికి వంగి ఉంది. ఆవిడ రెండు వేళ్ళు తట్టలో నెమ్మదిగా పాకి, దేన్నో పట్టుకున్నాయి. పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, రెండో చెయ్యి కింద ఆసరా పెట్టి, పక్కనున్న శుభ్రమైన తట్టలో పడుకోబెట్టాయి. ఆ తర్వాత ఇంకోదాని కోసం వెతికాయి.

ఆవిడ పడుకోబెట్టింది పురుగును కాదు. ఆకు కాడను.

పెద్దకోడలు చూస్తూనే ఉండిపోయింది. రెండో కాడ కూడా వచ్చి మొదటి దాని పక్కన పడుకుంది. ఒక్కసారిగా ఎన్నో సంగతులు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఈమధ్య అత్తగారు గుమ్మం దాటేముందు కాలితో తడుముకోవడం. ఎదురొచ్చిన మనిషి పలికేదాకా పలకరించకపోవడం. సూదిలో దారం ఎక్కించమంటే "నీ కళ్ళేమైనా అరిగిపోతాయా" అని తనకే అంటగట్టడం. ఇవన్నీ పెద్దరికం అనుకుంది తను. అత్తగారికి గర్వం ముదిరిందనుకుంది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో పెద్దకోడలి మనసులో మొదట మెదిలింది జాలి కాదు. ఇక ఆకు ఎప్పుడు వెయ్యాలో చెప్పేది నేనే అనే ఆలోచన. మరుక్షణమే సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"అత్తయ్యా, ఆకు గదిలోకి ఒకసారి రండి" అంది.

ఆకు గది షెడ్డు వెనకాల ఉంది. కోసిన ఆకు వాడిపోకుండా తడి గోనెపట్టాలు వేలాడదీసిన చల్లటి గది. లోపల ఎప్పుడూ మసక వెలుతురే. అందులోకి వచ్చాక పెద్దకోడలు తలుపు దగ్గరగా వేసి, పిడికిలిలో దాచి తెచ్చిన కాడను అత్తగారి అరచేతిలో పెట్టింది.

"ఇందాక మీరు తీసి పడుకోబెట్టింది ఇది. ఏమిటో చెప్పండి."

అత్తగారి బొటనవేలు దాన్ని అటూ ఇటూ దొర్లించింది. ఆవిడ మొహంలో ఒక్కొక్కటిగా దీపాలు ఆరిపోయాయి.

"కాడ" అంది.

"ఎన్నాళ్ళుగా?"

"మొదట్లో మసక. ఏ పొగో అనుకున్నాను. తర్వాత మనుషుల మొహాలు పోయాయి. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, నీడ తెలుస్తుంది. అంతే." అదేదో పొరుగింటావిడ సంగతి చెప్పినట్టు చెప్పింది.

మరి ఇన్ని పంటలు ఎలా తీశారని అడిగింది పెద్దకోడలు. వినే తీశానంది అత్తగారు. పురుగులు తింటుంటే షెడ్డంతా చిటపటమంటుంది. జ్వరానికి కూర్చుంటే మూగబోతుంది. లేచాయో లేదో తేల్చుకోవడానికి తట్టలో గుప్పెడు ఆకు వేసి చెవి ఒగ్గేది. లేచి ఉంటే వెంటనే కొరుకుతాయి. అందరూ అదేదో ఆవిడ పాత పద్ధతి అనుకున్నారు. పెద్దకోడలు కూడా అలా చెవి ఒగ్గి, ఏమీ అర్థంకాక, తనకింకా పని రాలేదని బాధపడిన రోజులున్నాయి.

"మరి నిన్న?"

అత్తగారు కాడను కింద పడెయ్యకుండా పట్టుకునే ఉంది.

"నిన్న లోపలికి వచ్చిన కాసేపటికి చిటపటమని వినబడింది. ఈ వరుస ఇంకా కూర్చోలేదు కాబోలు, పాపం ఆకలి మీద ఉన్నాయనుకున్నాను. జ్వరమో ఏమో అని చేత్తో తాకి చూద్దామా అంటే, జ్వరమే అయితే తాకకూడదాయె. గంపలో ఉన్న ఆకంతా వేశాను. గంప ఖాళీ చేసి బయటికి వచ్చాక నెత్తి మీద చినుకు పడింది."

పెద్దకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రేకుల మీద వానే తల్లీ. వానని పురుగులనుకున్నాను."

గోనెపట్టా అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పెద్దకోడలికి ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. ఆమెది అలాంటి తత్వం, ఏడ్చాక మెత్తబడదు.

"అది అక్కడ గోడకి మొహం పెట్టి మాటలు పడుతుంటే మీకు నోరెలా ఊరుకుంది? నేను కూడా దాన్ని అనరాని మాటలన్నాను. విన్నారుగా?"

"విన్నాను."

"మరి?"

"నా కళ్ళు పోయాయని తెలిస్తే షెడ్డు పోయినట్టే. పోతే మనదే పోదు, గుమ్మం బయట నిలబడ్డ ఆ నలుగురిదీ పోతుంది. చిన్నదాన్ని రెండ్రోజులు తిడతారు, తర్వాత మర్చిపోతారు."

"మాత్రల సంగతి మర్చిపోయారా?"

అత్తగారి వేళ్ళు కాడను రెండుగా విరిచాయి.

పెద్దకోడలి కడుపులో ఇన్నేళ్ళుగా ఉన్నది కూడా ఆ ఊపులోనే బయటపడింది. నాకు కళ్ళున్నాయి కదా అంది. నాకు అప్పగిస్తే ఏం పోయేది, ఆకు వెయ్యనా అని అడగడం తప్ప వెయ్యండి అని చెప్పే రోజు నాకెప్పుడైనా ఇచ్చారా, నా చేతికి పని రాదనేగా మీ నమ్మకం అంది.

"నీ చేతికి పని వచ్చు" అంది అత్తగారు. ఆ మాట ఆవిడ నోటి వెంట రావడం అదే మొదలు. "నాకంటే బాగా వచ్చు. కానీ వాడు మాటిచ్చింది నా చేతులకి. నీ చేతులకి కాదు. వెళ్ళి నీ మొగుణ్ణి అడుగు, షెడ్డు నీకిస్తాడేమో. నేను వద్దనను."

పెద్దకోడలు తన మొగుడి మొహాన్ని తలుచుకుంది. అడిగితే ఏమంటాడో ఆమెకు తెలుసు. నీకెందుకే ఈ చాకిరీ, హాయిగా ఇంట్లో ఉండు అంటాడు. ప్రేమగానే అంటాడు. అదే వచ్చిన చిక్కు.

సాయంత్రం సిమెంటాయన వస్తాడు. కొడుకు తల్లిని ఏదో ఒకటి అడుగుతాడు. అప్పటికి పురుగులు జ్వరం నుంచి లేచే వేళ అవుతుంది, లేచాయా లేదా అన్నదే అడుగుతాడు. ఇదంతా ఆలోచించి, చివరికి పెద్దకోడలే అంది.

"నేను మీ వెనకే నిలబడతాను. లేచి ఉంటే భుజం మీద చెయ్యి వేస్తాను. లేవకపోతే వెయ్యను."

అత్తగారు తల ఊపింది. అబద్ధంలో అత్తాకోడళ్ళు మొదటిసారి ఒక్కటయ్యారు.

చిన్నకోడలు పెరట్లో కుళాయి దగ్గర తట్టలు కడుగుతోంది. పెద్దకోడలు వెళ్ళి పక్కన కూర్చుని ఒక తట్ట అందుకుంది. పొద్దున అన్ని మాటలన్నాక క్షమాపణ అనేది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెల్లీ అని మాత్రం అంది.

"చెప్పకక్కా. నాకు తెలుసు" అంది చిన్నది, బ్రష్షు ఆపకుండా.

"ఏం తెలుసు?"

"నిన్న నేను తట్టలు ఆరేసి వస్తుంటే అత్తయ్య ఖాళీ గంప పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. వానలో మొహం పైకెత్తి. పిలిచినా పలకలేదు. లోపలికి వెళ్ళి చూస్తే ఇదీ సంగతి. చీకటి పడేదాకా తీయగలిగినంత తీశాను. సగం వరుసే అయింది."

సగం తట్టల్లోనే ఆకు ఎందుకుందో పెద్దకోడలికి అప్పుడు తెలిసింది.

"కళ్ళ సంగతి కూడా తెలుసా?"

"భోంచేసేటప్పుడు మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతికి తగిలేలా జరిపేది ఎవరనుకున్నావు?"

పెద్దకోడలు కడుగుతున్న తట్ట కిందపెట్టేసింది. ఒకే ఇంట్లో, ఒకే షెడ్డులో ఇన్నాళ్ళు మసలి తను చూడనిది, మందుల గిన్నె పట్టుకుని కూర్చున్న పిల్ల చూసింది. మరి ఎందుకు చెప్పలేదే అని అడిగితే, పొద్దున ఒకసారి నిజమే చెప్పి చూశానుగా, ఎవరు విన్నారు అంది చిన్నది. తర్వాత నవ్వుతున్నట్టే అంది.

"నాకేం కొత్తగా పోయే పరువుందక్కా. ఎలాగూ మాత్రల కోడల్నేగా."

ఆ నవ్వు పెద్దకోడలికి తిట్టుకంటే గట్టిగా తగిలింది.

ఎండ వాలుతుండగా లారీ వచ్చింది. సిమెంటు వ్యాపారి మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఆడవాళ్ళు తప్పుకునేదాకా ఆగి, లోపలికి వచ్చాడు. జేబులోంచి టేపు తీసి గోడ పొడవు కొలిచాడు. అరచెయ్యి గోడకు ఆనించి చెమ్మ ఉందేమో చూశాడు. కిటికీలు చాలా ఉన్నాయి, మూసెయ్యాలన్నాడు. తట్టల వైపు మాత్రం చూడలేదు. ఆయనకవి రేపు ఉండని వస్తువులు.

కిటికీలు మూసెయ్యాలన్న మాట వినగానే రేడియో పిన్ని పక్కనున్నామె చెయ్యి పట్టుకుంది.

పెద్దకొడుకు పొద్దుటి కంటే నెమ్మదించాడు. దారిపొడుగునా ఆలోచించినట్టుంది. పొద్దుటిదాకా తల్లిని ఎదిరించి ఎరగనివాడు, కోపం దిగాక ఎలా మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు చిన్నకోడలు ముందుకు వచ్చింది.

"బావగారూ, ఆకు వేసింది నేనే. పొద్దున భయపడి అబద్ధం చెప్పాను. ఇందులో అత్తయ్య తప్పేం లేదు."

పెద్దకోడలు కాదనబోయి, అత్తగారి వైపు చూసి ఆగింది. పీట మీద అత్తగారి వీపు కొయ్యబారిపోయింది.

పెద్దకొడుక్కి కావలసింది దొరికింది. గుండెల మీది బరువు దిగినట్టు నిట్టూర్చాడు. తప్పు ఎక్కడుందో తెలిసింది, ఇక తల్లితో తగువు అక్కర్లేదు.

"అయితే రేపటినుంచి నువ్వు ఈ గడప తొక్కకు. ఏ పని చేసుకుంటావో ఇంట్లో చేసుకో" అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, ఎన్నాళ్ళుగానో వాడని మెత్తటి గొంతుతో అన్నాడు. "అమ్మా, ఒక్క వరుసే పాడైంది. మిగతావి బాగుంటే ఈయన్ని నేను ఆపుతాను. నీ చేతుల్లో ఉన్నన్నాళ్ళు అన్నాను, ఆ మాట మీదే ఉంటాను. నువ్వొక్క మాట చెప్పు. జ్వరం దిగిందా? ఆకు వెయ్యొచ్చా?"

ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉండదు. పెద్దకోడలు ఎదురుగా ఉన్న తట్టలోకి చూసింది. పురుగులన్నీ లేచాయి. పాత చర్మాలు విడిచేసి, కొత్త ఒంటితో, ఆకు ఎక్కడా అని తలలు ఊపుతున్నాయి. ఒక్కటి కూడా వెనకపడలేదు. ఇంత చక్కగా లేచిన పంటను ఆమె ఈమధ్య చూడలేదు.

అత్తగారు లేచి, గంపలోంచి గుప్పెడు ఆకు తీసి, ఎప్పటిలాగే తట్టలో చల్లి, చెవి ఒగ్గింది.

సరిగ్గా అప్పుడే కప్పు మీద చినుకులు మొదలయ్యాయి. ముందు ఒకటీ అరా. తర్వాత షెడ్డంతా చిటపట.

పెద్దకోడలు అడుగు ముందుకు వేసి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. గట్టిగానే వేసింది. అత్తగారి చెయ్యి పైకి వచ్చి, ఆ చేతిని తడిమి పట్టుకుంది. ఇక చెబుతుంది అనుకుంది పెద్దకోడలు.

అత్తగారి మొహం పక్కకు తిరిగింది. ఇందాక చిన్నకోడలి గొంతు వినబడిన వైపు. అక్కడినుంచి ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. చిన్నది మళ్ళీ గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

అత్తగారు భుజం మీది చేతిని మెల్లగా తీసి కిందికి దించేసింది.

"వాన ఆగనీరా. చెప్తాను" అంది.

పెద్దకొడుకు నవ్వబోయాడు. వ్యాపారి టేపు చుట్టడం ఆపి ఇటు చూశాడు.

"పురుగులు నీ ఎదురుగానే ఉన్నాయి కదమ్మా. చూసి చెప్పడానికి వాన ఎందుకు ఆగాలి?"

అంటూనే అతను దగ్గరికి వచ్చి తల్లి మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు అతను ఇందాక నిలబడ్డ చోటునే చూస్తున్నాయి.